రెండు కయాక్‌లు కారు పైన కట్టి హైవే ఎక్కొచ్చా?

డల్లాస్ నుంచి ఆస్టిన్‌కి పదడుగుల ప్లాస్టిక్ కయాక్‌లు (సన్నటి చిన్న పడవలు) రెండు కారు పైన వేసుకెళ్ళొచ్చా, రాచెట్ స్ట్రాప్‌లు (పిడి ఆడించి బిగించే పట్టీలు) సరిపోతాయా అని అడిగారు. వెళ్ళొచ్చండి. ఆరేళ్ళుగా ఐ-35 హైవే మీద నేను తీసుకెళ్తూనే ఉన్నాను. రాచెట్లు మాత్రం వద్దు.

మా నాన్న గడ్డిబండికి మోకు వేసి, చక్రానికి కాలు తన్నిపెట్టి లాగేవారు. ఎంత బిగిస్తే అంత మేలని నాకు అక్కడే నాటుకుపోయింది. మొదటి వేసవిలో కయాక్‌నీ అలాగే రాచెట్‌తో బిగించాను. టెక్సస్ ఎండకి ప్లాస్టిక్ మెత్తబడి, దించేసరికి అడుగున అరచేయంత సొట్ట! కామ్ బకిల్ స్ట్రాప్‌లు, అంటే చేత్తో లాగి బిగించే క్లిప్పు పట్టీలు, కొనండి. చేత్తో లాగితే బిగిసినంత చాలు. కయాక్‌ని పట్టుకుని ఊపితే దాంతోపాటు కారూ ఊగాలి, కయాక్ ఒక్కటే జరగకూడదు. స్ట్రాప్‌ని ఒక మెలిక తిప్పి కట్టండి, లేకపోతే దారంతా గాలికి బుర్రుమంటూ మోగుతుంది.

అసలు మాట కయాక్ ముక్కు నుంచి కారు ముందు భాగానికి కట్టే తాడు గురించి. ఒకసారి దారిలో వేకో ఊరు దాటాక పెద్ద ట్రక్కు పక్కనుంచి దూసుకెళ్ళింది. బానెట్ మీది తాడు ఒక్కసారిగా బిర్రబిగిసి, వదులై, మళ్ళీ బిగిసింది. వెంటనే ఎగ్జిట్ తీసుకుని ఆపాను. స్ట్రాప్‌లు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఊడివస్తున్నది రాక్, అంటే కారు పైన కయాక్‌లు కట్టే చట్రం! దాని ముందు అడ్డకడ్డీకి ఒకవైపు బోల్టు వదులైపోయింది. వెనక సీట్లో మా అబ్బాయి. ఆ తాడే లేకపోతే కయాక్ రాక్‌తో సహా వెనకొచ్చే కారు మీద పడేదేమోనని ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అందుకే కయాక్ ఎత్తకముందే రాక్‌ని నాలుగు మూలలా పట్టి గుంజి చూడండి. ముందూ వెనకా తాళ్ళు కట్టందే బండి తీయకండి. ఈ కాలపు బంపర్లకి తాడు కట్టే చోటుండదు. బానెట్ కింద బోల్టుకి బిగించే పట్టీ లూపులు దొరుకుతాయి, అవి వాడండి. తాడు వేలాడకపోతే చాలు, ముక్కు కిందకి వంగేలా లాగొద్దు. మిగిలిన కొసని చక్రం కిందకి పోకుండా ముడేయండి.

కారు పైకప్పు ఎంత బరువు మోస్తుందో కారు మాన్యువల్‌లో ఉంటుంది. నా కారుకి 150 పౌండ్లు. కయాక్‌లు రెండూ కలిపి 100, పైన రాక్ బరువు కూడా లెక్కలోకే వస్తుంది.

బయల్దేరిన పావుగంటకి ఆపి ఒకసారి చూసుకోండి, దారిలో వచ్చే హిల్స్‌బరో ఊళ్ళో ఇంకోసారి.