ఈవ్ ఆన్‌లైన్: 0.5 సేఫే కదా, మరి నా హాలర్ (సరుకు షిప్) ఎలా పోయింది?

ఈ అంతరిక్ష నౌకల ఆటలో ప్రతి నక్షత్ర వ్యవస్థకూ ఒక భద్రతా రేటింగ్ ఉంటుంది, 1.0 అన్నిటికంటే సురక్షితం. 0.5 అంటే మిమ్మల్ని ఎవరూ కాల్చరని కాదు, కాల్చినవాడికి శిక్ష తప్పదని అంతే. ఆటలోని కాంకర్డ్ దళం పోలీసు, బాడీగార్డ్ కాదు. ఉయెడామా అనే 0.5 వ్యవస్థలో మీ బ్యాడ్జర్ హాలర్ పోయిందన్నారు, కిల్ మెయిల్‌లో (షిప్‌ను ఎవరు పేల్చారో చూపే రిపోర్టులో) చవక కెటలిస్ట్ యుద్ధనౌకలు కనిపిస్తున్నాయి. షిప్ పేలాక మీ సరుకులో మిగిలేది, దాడి చేసినవాళ్లు కాంకర్డ్ చేతిలో పోగొట్టుకునే షిప్‌ల కంటే ఖరీదైతే చాలు, వాళ్లకు గిట్టుబాటే. 1.0లో కాంకర్డ్ కొన్ని సెకన్లలో దిగుతుంది. 0.5లో బాగా ఆలస్యం. వాళ్లకు కావలసింది ఆ కాస్త టైమే.

అసలు తప్పు ఆటోపైలట్‌ది. అది గేటు (పక్క వ్యవస్థలోకి దాటించే ద్వారం) మీద దిగదు, 10-15 కిలోమీటర్ల ముందే ఆగి, అక్కణ్నుంచి నత్తలా పాకుతుంది. మీరు టీ పెట్టుకునే లోపు స్కాన్ చేసి, ధర కట్టి, కాల్చేస్తారు.

1. విలువైన సరుకుంటే ప్రతి గేటుకూ మీరే జంప్ నొక్కండి. సున్నా దూరంలో దిగి వెంటనే దాటేస్తుంది.
2. రూట్ ‘ప్రిఫర్ సేఫర్’లో పెట్టండి. ఇది 0.4, ఆ కిందివాటినే తప్పిస్తుంది. ఉయెడామాను అవాయిడ్ లిస్ట్‌లో మీరే చేర్చాలి. దారి పొడుగవుతుంది, తప్పదు.
3. సరుకును రెండు మూడు ట్రిప్పులుగా విడగొట్టండి. ఇన్సూరెన్స్ షిప్‌కే, లోపలి సరుకుకు పైసా రాదు.
4. కార్గో ఎక్స్‌పాండర్లు (సరుకు చోటు పెంచే పరికరాలు) తీసేసి ట్యాంక్ (దెబ్బలు తట్టుకునే పరికరాలు) పెట్టండి.

0.4 నుంచి 0.1 దాకా కాంకర్డ్ అసలు రాదు, గేటు తుపాకులే దిక్కు. 0.0లో అవీ ఉండవు.