రెయిడ్ 5లో రెండు డిస్కులు పోయాయా? రీబిల్డ్ కొట్టకముందే ఏది ముందు పోయిందో తేల్చుకోండి

మీ డయాగ్నస్టిక్ సెంటర్ సర్వర్‌లో 4 టీబీ డిస్కులు నాలుగు, రెయిడ్ కార్డ్ మీద రెయిడ్ 5 (ఒక డిస్క్ పోయినా డేటా పోకుండా డిస్కులన్నిటినీ కలిపి వాడే పద్ధతి). పొద్దున వచ్చి చూస్తే రెండింటికి ఎర్ర లైటు. సర్వీసు అబ్బాయేమో "ఒకదాన్ని ఫోర్స్ ఆన్‌లైన్ చేసి, రెండోదాని చోట కొత్తది పెట్టి రీబిల్డ్ కొడదాం" అంటున్నాడు. అంటే పడిపోయిన డిస్క్‌ను బలవంతంగా బాగున్నట్టే వాడుకుని, మిగతావాటి లెక్కతో కొత్తదాన్ని నింపడం. ఒప్పుకోవచ్చా అని అడిగారు.

ఒప్పుకోకండి. ఇప్పటికే ఆన్‌లో ఉంటే సర్వర్ ఆపేయండి. ఏ డిస్క్ ఏ స్లాట్‌లో ఉందో మార్కర్‌తో డిస్క్ మీదే నంబర్ వేసి, ఫొటో తీసి, ఆ తర్వాతే బయటికి లాగండి.

నేను తిరుపతిలో సిస్టమ్స్ సర్వీసు చేస్తాను. అచ్చం ఇలాంటిదే కొన్నేళ్ల క్రితం చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో చూశాను. జూన్ నెల, తోతాపురి సీజన్ నడిమధ్య. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి, లోపల కాటా కంప్యూటర్ పనిచేయడం లేదు. రైతుల లోడ్ల లెక్కంతా ఆ సర్వర్‌లోనే ఉంది. 2 టీబీవి నాలుగు డిస్కులు, లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ 5, అంటే కార్డ్ లేకుండా లినక్సే నడిపేది. నేను చేరేసరికి కాటా దగ్గరి గుమాస్తా నాలుగు డిస్కులూ బల్ల మీద పరిచి కూర్చున్నాడు. "దుమ్ము పట్టుంటే తుడిచినా సార్" అన్నాడు. ఏది ఏ స్లాట్‌దో ఎవరికీ తెలియదు. సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో ఆ వరుస డిస్క్ మీదే రాసి ఉంటుంది కాబట్టి బతికిపోయాం.

రెయిడ్ 5 ఎలా పనిచేస్తుందో ఆ కాటా మీదే అర్థమవుతుంది. లోడుతో ఒక బరువు, ఖాళీ బండి ఒక బరువు, సరుకు ఒక బరువు. ఈ మూడింట్లో ఏ రెండు తెలిసినా మూడోది లెక్కకట్టొచ్చు. రెండు పోతే మాత్రం ఎంత లెక్కల మాస్టారైనా చేయగలిగేదేం లేదు. నాలుగు డిస్కుల రెయిడ్ 5 కూడా అంతే. ఏ మూడు ఉన్నా నాలుగోది లెక్కలో తేలుతుంది.

అయితే రెండు డిస్కులు ఒకే రాత్రి చావడం చాలా అరుదు. మామూలుగా ఒకటి ఎప్పుడో పోయి ఉంటుంది, సర్వర్ మిగతా మూడింటితో నడుస్తూనే ఉంటుంది, ఎవరూ చూసుకోరు. ఫ్యాక్టరీలో మొదటి డిస్క్ మార్చిలోనే పోయింది. హెచ్చరిక మెయిల్ కూడా వచ్చింది, కాకపోతే రెండేళ్ల క్రితం ఉద్యోగం మానేసిన అకౌంటెంట్ ఐడీకి. జూన్‌లో కరెంటు వచ్చీపోయీ చేసిన రోజు రెండోది పడిపోయింది. అప్పుడుగానీ గోల మొదలు కాలేదు.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. మార్చిలో పోయిన డిస్క్‌ను తీసి మళ్లీ పెడితే ఒక్కోసారి చక్కగా తిరుగుతుంది, పచ్చ లైటు కూడా వెలుగుతుంది. "ఇది బాగానే ఉందే" అనుకుని దాన్ని ఫోర్స్ చేస్తారు. కానీ దాని మీద ఉన్నది మార్చి నాటి డేటా. మిగతా రెండింటి మీద జూన్ డేటా. ఈ రెండూ కలిపి లెక్కకట్టి కొత్త డిస్క్ మీద రాస్తే, మార్చి తర్వాత మారిన చోటల్లా పడేది చెత్త. దాని మీద విండోస్ చెక్‌డిస్క్ కూడా నడిపితే ఆ చెత్తను "సరిచేసి" ఉన్నవి కూడా పాడుచేస్తుంది. మనకు కావలసింది బాగున్న రెండు, వాటితో పాటు చివరగా పోయిన డిస్క్. అది ఎంత మొరాయిస్తున్నా సరే, అదే కావాలి.

ఏది ముందు పోయిందో ఎలా తెలిసిందంటే, లినక్స్ రెయిడ్‌ను నడిపే ఎమ్‌డీఆడ్మ్ (mdadm) అనే టూల్‌లో ఎగ్జామిన్‌తో ప్రతి డిస్క్‌ను అడిగితే ఈవెంట్ కౌంట్ అని ఒక అంకె చూపిస్తుంది. అది ఎంత వెనకబడి ఉంటే ఆ డిస్క్ అంత ముందు పోయినట్టు. రెండు డిస్కులు 8,41,207 దగ్గర ఉన్నాయి, ఒకటి 8,41,190, నాలుగోది 5,12,066. ఆ నాలుగోదాన్ని కవర్‌లో పెట్టి, పైన "మార్చి" అని రాసి పక్కన పడేశాను.

మీది రెయిడ్ కార్డ్ కాబట్టి ఈ కౌంట్ కనిపించదు, ఏ డిస్క్ ఎప్పుడు పోయిందో కార్డ్ రాసుకునే లాగ్ చూడాలి. సర్వర్‌కు ఐడ్రాక్ (డెల్), ఐఎల్ఓ (హెచ్‌పీ) లాంటి, సర్వర్‌ను బయటి నుంచి చూసుకునే మేనేజ్‌మెంట్ పోర్ట్ ఉంటే సర్వర్ ఆన్ చేయకుండానే లాగ్ తెరవొచ్చు. ఎవరైనా ఈలోపు ఆన్ చేస్తే "ఫారిన్ కాన్ఫిగరేషన్" అని, అంటే డిస్కుల మీది రెయిడ్ వివరాలు తనవి కావన్నట్టు కార్డ్ అడగవచ్చు. అక్కడ క్లియర్ గానీ, ఇనీషియలైజ్ గానీ నొక్కనివ్వకండి.

తర్వాతి పని ఇమేజ్‌లు తీయడం, అంటే డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒక ఫైలుగా కాపీ చేయడం. డిస్కులను రెయిడ్ కార్డ్‌కు కాకుండా మామూలు సాటా పోర్ట్‌కు పెట్టి, లినక్స్‌లో డీడీరెస్క్యూ (ddrescue) అనే టూల్‌తో ఒక్కోటి కాపీ చేయాలి. ఇది ముందు తేలిగ్గా చదవగలిగిన చోట్లన్నీ లాగేసుకుని, మొరాయించే చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైలు పెట్టడం మరవకండి, మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. నాకు బాగున్న డిస్కులు ఒక్కోటి ఐదారు గంటల్లో అయ్యాయి. చివరగా పోయినది రెండు రోజులు తీసుకుంది. దానికి టేబుల్ ఫ్యాన్ పెట్టి పక్కనే కూర్చున్నాను. ఆఖరికి 2 టీబీలో చదవలేకపోయింది 3 ఎంబీ కూడా లేదు. మీరు ఇమేజ్‌ల కోసం డిస్కులు కొంటే సరిగ్గా 4 టీబీవి కొనకండి, కాస్త పెద్దవి కొనండి. సరిసమానంగా ఉంటే ఫైలుగా పట్టదు.

ఆ తర్వాత చేసేదంతా ఇమేజ్‌ల మీదే, కాబట్టి తప్పు చేసినా భయం లేదు. నేను ఎమ్‌డీఆడ్మ్ అసెంబుల్ ఫోర్స్‌తో ఇమేజ్‌లను బలవంతంగా ఒక రెయిడ్‌గా కలిపి, ఏమీ రాయకుండా చదవడానికి మాత్రమే (రీడ్ ఓన్లీగా) తెరిచాను. కొత్త రెయిడ్ రాసేసే క్రియేట్ మాత్రం ముట్టుకోలేదు. మీకు ఆర్-స్టూడియో గానీ యూఎఫ్ఎస్ ఎక్స్‌ప్లోరర్ గానీ, డేటా రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటి పనికొస్తుంది. ట్రయల్‌లోనే ఫైళ్లు కనిపిస్తాయి, ఆ తర్వాతే డబ్బు కట్టండి. ఫోల్డర్ల పేర్లు కనిపించగానే సంబరపడకండి. గత వారం తీసిన పెద్ద స్కాన్ ఫైలు ఒకటి తెరిచి చూడండి. అది పైనుంచి కిందిదాకా సరిగ్గా వస్తేనే మీరు పట్టుకున్నది సరైన డిస్క్. పాత ఫైళ్లు పాత డిస్క్‌తోనూ తెరుచుకుంటాయి.

రీబిల్డ్ సంగతి: మామూలు డిస్కుల స్పెక్ షీట్‌లో 10 టు ది పవర్ 14 బిట్లకు ఒక చదవలేని ఎర్రర్ దాకా రావచ్చని ఉంటుంది, అంటే సుమారు 12.5 టీబీ. మీ రీబిల్డ్‌కు మూడు డిస్కులు మొత్తం చదవాలి, 12 టీబీ. నిజంలో అంత తరచుగా ఎర్రర్లు రావనుకోండి, కానీ ఒకసారి పడిపోయిన డిస్క్‌ను పెట్టుకుని ఆ పందెం ఎందుకు?

ఏ డిస్కయినా టిక్కు టిక్కుమంటుంటే ఇదేదీ చేయకండి. మళ్లీ కరెంటు ఇవ్వకండి. అది క్లీన్ రూమ్ (దుమ్ము చొరబడని గది) ఉన్న ల్యాబ్ పని, చెన్నైకో బెంగళూరుకో వెళ్లాలి. కొరియర్ వద్దు, స్పాంజ్ చుట్టి ఎవరైనా చేతిలో పట్టుకుని బస్సెక్కండి. డేటా రాకపోతే ఎంత తీసుకుంటారో ముందే కాగితం మీద రాయించుకోండి. నాలుగు డిస్కులూ తీసుకెళ్లండి, పాతది కూడా.

ఫ్యాక్టరీలో టాలీ డేటా మొత్తం వచ్చింది. కాటా డేటాబేస్‌లో మాత్రం చివరి రెండు రోజుల టేబుల్ పాడైంది. కాటా చీటీల కార్బన్ కాపీలు ముందేసుకుని గుమాస్తా, నేను ఒక రాత్రంతా టైప్ చేశాం. మీ దగ్గర రిపోర్టుల ప్రింట్లు, రిసెప్షన్ రిజిస్టర్ ఉంటే ఇప్పుడే ఒకచోట చేర్చి పెట్టండి.

కార్డ్ మోడల్, లాగ్ ఫొటో ఇక్కడ పెట్టండి, ఏ డిస్క్ పాతదో చూసి చెబుతాను. పేషెంట్ల పేర్లు కనబడకుండా చూసుకోండి.