తాతగారి పేరు సెంటు సీసా మీదికి వెళ్లేముందు

ప్రశ్న: మాది మూడు తరాలుగా నడుస్తున్న ఖరీదైన నగల సంస్థ. మా తాతగారి పేరే సంస్థ పేరు. ఈమధ్య ఒక పర్ఫ్యూమ్ కంపెనీవాళ్లు మా పేరుతో సెంట్లు తయారుచేసి అమ్ముకుంటామని, అమ్మకాల మీద రాయల్టీ ఇస్తామని వచ్చారు. పదేళ్ల ఒప్పందం. నాన్నగారు, అన్నయ్య సంతకానికి సిద్ధంగా ఉన్నారు. ‘మన పేరు రిజిస్టర్ అయ్యే ఉంది కదా, ఇంక భయమేముంది’ అంటున్నారు. నాకే ఎందుకో మనసొప్పడం లేదు. ముసాయిదా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ పంపుతున్నాను. ఏం చూసుకోవాలో చెప్పగలరు.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు పంపిన ముసాయిదా రెండుసార్లు చదివాను. మీ మనసు ఒప్పుకోకపోవడానికి కారణం అందులోనే ఉంది.

ముందు సర్టిఫికెట్ సంగతి. అందులో తరగతి అన్నచోట 14 అని ఉంది, గమనించారా? ట్రేడ్‌మార్కుల కోసం సరుకులను, సేవలను 45 తరగతులుగా విడదీశారు. 1957 నాటి నైస్ ఒప్పందం నుంచి వచ్చిన పద్ధతి ఇది, ప్రపంచంలో చాలా దేశాలు దీన్నే పాటిస్తాయి. నగలు, రత్నాలు, గడియారాలు 14లోకి వస్తాయి. పర్ఫ్యూమ్‌లు, సబ్బులు, ముఖానికి రాసుకునే క్రీములు 3లోకి వస్తాయి. అంటే ఉంగరం మీద మీ తాతగారి పేరుకు కాగితం ఉంది, సెంటు సీసా మీద లేదు. బాగా ప్రసిద్ధికెక్కిన పేర్లకు వేరే సరుకుల్లోనూ రక్షణ ఉంటుందన్నది నిజమే. కానీ అంత ప్రసిద్ధి ఉందని మీరే కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేయాలి. దరఖాస్తుతో అయిపోయే పనికి ఏళ్ల తరబడి వ్యాజ్యం ఎందుకు?

ఇప్పుడు 9వ క్లాజు తీయండి. ‘లైసెన్సు పొందినవారు అవసరమైన తరగతులలో గుర్తును నమోదు చేసుకొనవచ్చును’ అని ఒకే ఒక్క వాక్యం ఉంది. ఎవరి పేరు మీద నమోదు? రాయలేదు. ముసాయిదా మొత్తంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ వాక్యమే. ఇది ఇలాగే ఉండగా సంతకం పెడితే, 3వ తరగతిలో మీ తాతగారి పేరు వాళ్ల పేరు మీద నమోదయ్యే వీలుంది. పదేళ్లకు ఒప్పందం ముగిశాక ఆ పేరు వెనక్కి తెచ్చుకోవడానికి మీరే కోర్టు మెట్లెక్కాలి. అందుకని 3వ తరగతిలో మీ సంస్థ పేరు మీదే, సెంటు అమ్మబోయే ప్రతి దేశానికీ ముందుగా దరఖాస్తు పెట్టండి. మాడ్రిడ్ పద్ధతి అనే అంతర్జాతీయ ఏర్పాటులో ఒకే దరఖాస్తుతో చాలా దేశాల్లో నమోదు అడగవచ్చు. ఆ తర్వాతే లైసెన్సు. నమోదు చేయించి వాడకుండా వదిలేసినా ప్రమాదమే. అమెరికాలో మూడేళ్లు, ఐరోపా, భారత్‌లలో ఐదేళ్లు వాడకపోతే రద్దు కోరే అవకాశం ఎదుటివాళ్లకు వస్తుంది. అయితే మీ అనుమతితో, మీ అదుపులో లైసెన్సుదారు వాడినా అది మీ వాడకం కిందే లెక్క.

ఆ ‘అదుపు’ అన్నదే అసలు విషయం. నగలవాళ్లు సెంట్లలోకి రావడం కొత్తేమీ కాదు. వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ 1976లో ‘ఫస్ట్’ అనే సెంటు తెచ్చింది, దాన్ని కూర్చింది జాన్ క్లోద్ ఎలెనా. 1981లో కార్టియే ‘మస్ట్’, 1988లో బుషెరోన్ మొదటి పరిమళం వచ్చాయి. కార్టియే తన సొంత పరిమళకర్తను పెట్టుకుంది. టిఫనీ కోటీ అనే సెంట్ల కంపెనీకి లైసెన్సిచ్చి చేయించిన సెంటు 2017లో వచ్చింది. రెండు దారుల్లోనూ రాణించవచ్చు. కానీ లైసెన్సు దారిలో వెళ్లేవాళ్లు పేరును పరాయి చేతికి అప్పగిస్తున్నారు. నాణ్యత మీద పట్టు లేకుండా పేరు వాడుకోనిస్తే గుర్తు మీది హక్కే పోవచ్చని అమెరికా కోర్టులు చెబుతూ వచ్చాయి. మీ 6వ క్లాజులో నమూనాలు ‘సమాచారం నిమిత్తం’ మీకు పంపుతామని ఉంది. ఆ రెండు మాటలూ కొట్టేయించి, ‘ముందస్తు లిఖితపూర్వక ఆమోదం కొరకు’ అని రాయించండి. సెంటుకే కాదు, సీసాకు, డబ్బాకు, ప్రకటనకు కూడా.

ఎక్కడ అమ్ముతారన్నది కూడా చిన్న సంగతి కాదు. డియోర్ సంస్థ లోదుస్తులు తయారుచేయడానికి ఒక కంపెనీకి లైసెన్సిస్తూ చవక దుకాణాలకు అమ్మకూడదని షరతు పెట్టింది. ఆ కంపెనీ షరతు మీరి కోపాడ్ అనే చవక అమ్మకందారుకు సరుకిచ్చింది. 2009 ఏప్రిల్ 23న ఐరోపా న్యాయస్థానం చెప్పిందేమంటే, విలాసవస్తువు నాణ్యత అంటే వస్తువు ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న ఆకర్షణ, హోదా కూడా. ఆ హోదా దెబ్బతినేలా అమ్మితే లైసెన్సుదారు మీద ట్రేడ్‌మార్కు హక్కుతోనే పోరాడవచ్చు. 2017 డిసెంబరు 6న కోటీ కేసులో అదే న్యాయస్థానం ఇంకో మెట్టు ముందుకెళ్లింది. విలాస సెంట్లను బయటివాళ్ల ఆన్‌లైన్ వేదికల మీద అమ్మొద్దని అధీకృత అమ్మకందారులకు షరతు పెట్టవచ్చని, అది అందరికీ ఒకేలా వర్తించాలని, అవసరానికి మించకూడదని చెప్పింది. రెండు చోట్లా కోర్టు చూసింది ఒప్పందంలో రాసి ఉన్న షరతునే. రాయకపోతే డియోర్‌కైనా దక్కేది కాదు.

వాసన ఎవరిదన్న ప్రశ్న మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. 2006 జూన్ 13న ఫ్రాన్సు అత్యున్నత కోర్టు, పర్ఫ్యూమ్ పరిమళానికి కాపీరైట్ వర్తించదంది. సరిగ్గా మూడు రోజులకు, జూన్ 16న, నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు లాంకోమ్ కంపెనీవారి ‘ట్రెజోర్’ సెంటు విషయంలో వర్తిస్తుందంది. ట్రేడ్‌మార్కుగా నమోదు చేయిద్దామన్నా కష్టమే. రసాయన సూత్రం, మాటల్లో వర్ణన, వాసన నమూనా, మూడూ కలిపి ఇచ్చినా చాలవని 2002లో జీక్‌మన్ కేసులో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. అందువల్ల వాసనకు మిగిలిన గట్టి కాపలా ఫార్ములాను రహస్యంగా ఉంచుకోవడమే. ఆ ఫార్ములా సాధారణంగా సెంటు కూర్చిన పరిమళ కంపెనీ దగ్గరే ఉండిపోతుంది. లైసెన్సుదారు దగ్గర కూడా ఉండకపోవచ్చు. పదేళ్లకు మీ సెంటుకు మంచి పేరొచ్చి ఒప్పందం ముగిస్తే, పేరు మీ దగ్గర, వాసన ఇంకొకరి దగ్గర మిగులుతాయి. ఒప్పందం ముగిశాక కూడా అదే పరిమళం మీకు సరఫరా అయ్యేలా ఇప్పుడే రాయించుకోండి.

సీసా విషయంలో దారి తేలిక. బుషెరోన్ మొదటి సెంటు సీసా ఉంగరం ఆకారంలో ఉంటుంది, చూడగానే నగలవాళ్లదని తెలిసిపోతుంది. అలాంటి ఆకారాన్ని డిజైన్‌గా నమోదు చేయించవచ్చు, నలుగురూ గుర్తుపట్టే స్థాయికొస్తే ట్రేడ్‌మార్కుగా కూడా. గీసింది ఎవరైనా సరే, హక్కులు మీ సంస్థకు బదలాయించాలని రాతలో ఉండాలి.

సెంటు వల్ల ఎవరికైనా చర్మం పొక్కితే ఎవరు బాధ్యులు? మేం తయారుచేయలేదు కదా అంటే చెల్లదు. వస్తువు మీద తన పేరు వేసుకుని తయారీదారుగా కనిపించేవారిని కూడా తయారీదారుగానే చూడాలన్నది ఐరోపా చట్టం. ఇలాంటి నియమం ఇంకా చాలాచోట్ల ఉంది. నష్టపరిహారం భారం వాళ్లదేనని, వాళ్ల బీమాలో మీ పేరూ చేర్చాలని అడగండి. ముసాయిదాలో ఈ ఊసే లేదు.

చివరి పేజీలో 3వ అనుబంధం ఉంది, పైన ‘అనుమతించిన విక్రయ కేంద్రాల జాబితా’ అని శీర్షిక, కింద తెల్లకాగితం. నాన్నగారికి ఆ పేజీ తీసి చూపించండి. అది నిండి, 9వ క్లాజు మారి, 3వ తరగతి దరఖాస్తు రసీదు మీ చేతికొచ్చాక సంతకం పెట్టవచ్చు.