పెళ్లి ఫొటోగ్రఫీకి మొదటి లైట్లు ఎలాంటివి కొనాలి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ అయ్యాక గుంటూరులో ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్ దగ్గర సహాయకురాలిగా పనిచేస్తోంది. కెమెరా, రెండు లెన్సులు ఉన్నాయి. వచ్చే మాఘమాసం నుంచి సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకుంటానని, లైట్లకు లక్ష రూపాయలు కావాలని అడుగుతోంది. దుకాణంలో 600 వాట్ల పెద్ద ఫ్లాష్‌లు రెండు, సాఫ్ట్‌బాక్సులతో కలిపి సెట్టుగా తీసుకోమంటున్నారు. అంత డబ్బు పెట్టవచ్చా? అసలు ఇది నిలిచే వృత్తేనా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, డబ్బు పెట్టండి. ఆ సెట్టు మాత్రం కొనవద్దు.

మంచి కెమెరా ఇప్పుడు పెళ్లికొచ్చిన బంధువుల్లోనే నలుగురి చేతిలో ఉంటుంది. వెలుతురును తన అదుపులో పెట్టుకోగలవారు పెద్ద బృందాల్లోనూ ఒకరిద్దరే ఉంటారు. సహాయకురాలి రోజుకూలి నుంచి ప్రధాన ఫొటోగ్రాఫర్ పారితోషికానికి ఎదగడం చాలావరకు ఈ నేర్పు మీదే ఆధారపడుతుంది. కొత్త కెమెరా అడగకుండా లైట్లు అడిగిందంటే మీ అమ్మాయికి పని అర్థమవుతోందని నా నమ్మకం. ఏ లైట్లన్నదే తేల్చుకోవాలి.

600 వాట్-సెకన్ల ఫ్లాష్‌లు (దుకాణంవాళ్లు వాట్లు అన్నది ఇదే, ఒక మెరుపులోని శక్తికి కొలత) స్టూడియోలో బాగుంటాయి. వాటిలో చాలా రకాలకు కరెంటు తీగ కావాలి. బ్యాటరీతో నడిచేవి ఒక్కొక్కటి మూడు కిలోల దాకా తూగుతాయి. పైన సాఫ్ట్‌బాక్సు, అంటే వెలుతురును మెత్తబరిచే గుడ్డపెట్టె, తగిలిస్తే స్టాండుకు తలబరువు. ముహూర్తం వేళ మండపం ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. పురోహితుడు, ఇరువైపుల తల్లిదండ్రులు, తెర పట్టుకున్నవారు, అక్షతలతో ముందుకు తోసుకొచ్చే బంధువులు, కాళ్ల మధ్య పిల్లలు, ఎదురుగా వీడియో కెమెరా. ఆ సందడిలో స్టాండుకు చోటు దొరకదు. దొరికినా ఎవరి కొంగో తగిలి అది ఒక పిల్లవాడి మీద పడితే ఆ నష్టం డబ్బుతో తీరేది కాదు.

పెళ్లికి వాడే ఫ్లాష్‌లో బలం కన్నా ముందు వేగం చూడాలి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్నే తీసుకోండి. పురోహితుడు సమయం చూసి చెప్పగానే ఇద్దరి చేతులూ ఒకేసారి తలల మీదికి వెళ్తాయి, తెర దిగుతుంది, వధువు కళ్లెత్తుతుంది. అంతా కొన్ని సెకన్ల పని. పెన్సిల్ సెల్స్‌తో నడిచే ఫ్లాష్ పూర్తి బలంతో ఒకసారి వెలిగాక మళ్లీ సిద్ధం కావడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. సెల్స్ నీరసిస్తే ఇంకా ఎక్కువ. లిథియం బ్యాటరీ ఉన్న గోడాక్స్ కంపెనీ వీ860 మూడో తరం ఫ్లాష్ వంటిది సుమారు ఒకటిన్నర సెకనులో సిద్ధమవుతుంది. పావు బలంతో వాడితే ఆ ఎదురుచూపు కూడా దాదాపు ఉండదు.

తలంబ్రాల దగ్గర ఇంకో సంగతి ఉంది. ఇలాంటి చిన్న ఫ్లాష్‌లలో బలం తగ్గించేకొద్దీ మెరుపు నిడివి కూడా తగ్గుతుంది. పూర్తి బలంతో తీస్తే గాలిలో గింజలు గీతల్లా సాగిపోవచ్చు. ఎనిమిదో వంతుకు దించి, ఐఎస్ఓ (కెమెరా వెలుతురును గ్రహించే స్థాయి) కొంత పెంచి తీస్తే పసుపు బియ్యం గింజ గింజా విడివిడిగా, వరుడి తల మీద నుంచి జారుతున్న ముత్యంతో సహా కనిపిస్తుంది. ఇక్కడ పెద్ద ఫ్లాష్ బలంతో పనే లేదు.

ఇక వెలుతురును మెత్తబరిచే సామగ్రి. తెల్లని, తక్కువ ఎత్తు పైకప్పు ఉంటే అంతకు మించిన సాఫ్ట్‌బాక్సు లేదు. ఫ్లాష్ తలను పైకో పక్క గోడకో తిప్పితే చాలు, గది నిండా మెత్తని వెలుతురు పరుచుకుంటుంది. పెళ్లికూతుర్ని చేసే గదికి ఇది సరిపోతుంది. అదే పని ఎర్ర, పసుపు గుడ్డల షామియానా కింద చేస్తే ఆ రంగంతా ముఖాల మీద పడుతుంది. ఎత్తైన ఫంక్షన్ హాల్లో చేస్తే చాలా వెలుతురు పైనే పోతుంది, ఎందుకంటే దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. అలాంటి చోట ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీయాలి. 200 వాట్-సెకన్ల చిన్న ఫ్లాష్‌ను మోనోపాడ్‌కు (ఒంటికాలి స్టాండు) బిగించి, ముందు మూడడుగుల తెల్ల గొడుగు పెట్టి సహాయకుడి చేతికివ్వాలి. మనిషి పట్టుకున్న లైటు జనంతో పాటు కదులుతుంది, పడిపోదు.

మన పెళ్లికి బంగారం, జరీ అసలు పరీక్ష. ఎదురుగా సూటిగా మెరుపు కొడితే వడ్డాణం తెల్లని మచ్చగా మిగులుతుంది. అన్ని వైపుల నుంచీ మెత్తగా నింపితే కాసులపేరులోని లక్ష్మీదేవి బొమ్మలు చదునైపోతాయి. ముఖం కన్నా కొంచెం ఎత్తు నుంచి, పక్కవాటుగా గొడుగు పెడితే కాసు కాసుకూ ఒక వైపు మెరుపు, ఒక వైపు సన్నని నీడ వస్తాయి. గొడుగు దూరాన్ని రెండు మూడడుగులు మార్చి చూసుకుంటే ఇది చేతికి పట్టుబడుతుంది. మండపానికి పసుపు బల్బులు ఎక్కువగా ఉంటే ఫ్లాష్‌కు సగం పాళ్ల నారింజ జెల్ (పారదర్శకమైన రంగు పొర) తగిలించాలి, లేకపోతే ముఖాలు నీలంగా, వెనుక పూలు ఎర్రగా వస్తాయి. ఎల్‌ఈడీ దీపాల చారలు ఫొటోలో కనిపిస్తే షట్టర్ వేగాన్ని 1/100 సెకనుకో 1/50 సెకనుకో దించి చూడమనండి, మన 50 హెర్ట్జ్ కరెంటుకు చాలాసార్లు అది పనిచేస్తుంది.

కాబట్టి నేను కొనమనేది ఇంతే: ఆమె కెమెరా కంపెనీకి సరిపోయే లిథియం ఫ్లాష్ ఒకటి, 200 వాట్-సెకన్ల ఫ్లాష్ ఒకటి, కెమెరా మీద ఉండి రెండింటినీ వెలిగించే ట్రిగ్గర్, గొడుగు, మోనోపాడ్, జెల్స్, అత్యవసరానికి చవకైన మాన్యువల్ (బలాన్ని చేత్తో మార్చుకునే) ఫ్లాష్ ఒకటి. అన్నీ ఒకే ట్రిగ్గర్‌తో వెలిగేలా ఒకే రేడియో పద్ధతివి కావాలి. సుమారు 70 వేలలో తేలుతుంది. సూర్యలంక తీరంలో మిట్టమధ్యాహ్నం ప్రీవెడ్డింగ్ తీయాల్సివస్తే 600 ఫ్లాష్ అవసరమే, ఆ ఒక్కరోజుకు అద్దెకు తెచ్చుకోవచ్చు. విమానంలో దూరపు పెళ్లికి వెళ్తే విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలని గుర్తుచేయండి.

నిలిచే వృత్తేనా అన్నారు. నిలుస్తుంది, కానీ రాబడి నెలనెలా ఒకేలా ఉండదు. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, శ్రావణాల్లో తీరిక దొరకదు. ఆషాఢంలో, మూఢం రోజుల్లో పెళ్లిళ్లే ఉండవు. అందుకే ఈ కొనుగోలును నెలవారీ వాయిదాల్లో పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. అప్పు తప్పనిసరైతే చిన్న వ్యాపారాలకు రుణాలిచ్చే ముద్ర పథకంలోని శిశు విభాగం కింద 50 వేల వరకు హామీ లేకుండా అడగవచ్చు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, ముందే చేయించండి. ఇంకా చదవాలనుకుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీలో నాలుగేళ్ల డిగ్రీ ఉంది, ప్రవేశపరీక్ష రాయాలి. పెళ్లిళ్లే ధ్యేయమైతే అది తప్పనిసరి కాదు.

అమ్మాయి కావడం ఈ పనిలో ఆమెకు కలిసివస్తుంది. అలంకరణ గదిలోకి చాలా కుటుంబాలు మహిళా ఫొటోగ్రాఫర్‌నే రమ్మంటున్నాయి. అయితే ముహూర్తాలు అర్ధరాత్రి, తెల్లవారుజామున కూడా పడతాయి. లైటు పట్టే సహాయకుడి కూలి, రానుపోను కారు, రాత్రి బస మొదటి మాటలోనే ధరలో కలిపి రాతపూర్వకంగా ఒప్పుకోమనండి. రాత్రివేళల గురించి మీకు భయం ఉంటే దానికి ఇదే సరైన జవాబు.

డబ్బు చేతికిచ్చే ముందు ఒక పని చేయించండి. ఆమె పనిచేసే ఫొటోగ్రాఫర్ దగ్గర ఫ్లాష్ అడిగి తెచ్చుకుని దగ్గరివాళ్ల నిశ్చితార్థంలో ఒకే మనిషిని మూడు విధాలుగా తీయమనండి: ఎదురు మెరుపుతో, పైకప్పుకు కొట్టి, పక్క నుంచి గొడుగుతో. మూడింటికీ తేడా ఎందుకొచ్చిందో మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే 70 వేలు ఇవ్వండి. మిగిలిన 30 వేలు ఆమె పేరు మీదే బ్యాంకులో వేసి, మాఘం, ఫాల్గుణం గడిచాక రెండో లిథియం ఫ్లాష్‌కు తీయమనండి.