ఇంటి మీద మమకారం ఉన్నవాళ్ళ దగ్గర బేరం ఎలా మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న చదవగానే రెండేళ్ళ కిందట తెనాలిలో మేం పడ్డ టెన్షన్ గుర్తొచ్చింది. స్థలం లెక్కన చూస్తే అంత రాదు, కానీ "మా నాన్న కట్టిన ఇల్లు" అంటూ 15 లక్షలు ఎక్కువ చెబుతున్నారు, తగ్గించి అడిగితే నొచ్చుకుని అసలు అమ్మడమే మానేస్తారేమో అని కదా మీ భయం. మాకు సరిగ్గా అదే జరిగింది.

మేం చూసింది 240 గజాల్లో పాత డాబా. అమ్మేవాళ్ళు ఒక రిటైరైన మాస్టారు, ఆయన చెల్లెళ్ళిద్దరు. 88 లక్షలు చెప్పారు. ఆ వీధిలో గజం 30 వేలు పలుకుతోంది, అంటే స్థలానికి 72 లక్షలు, 50 ఏళ్ళ నాటి కట్టడానికి పెద్దగా విలువ కట్టరు. లోపాలు ఎత్తి చూపిస్తే వాళ్ళే దిగొస్తారని మధ్యవర్తి చెప్పాడు, నేనూ అలాగే చేశాను. స్లాబు పెచ్చులూడుతోంది, వైరింగ్ మార్చాలి అనుకుంటూ వెనక వసారాలోకి వెళ్ళి, గచ్చులో పాతిన రుబ్బురోలు చూసి "ముందు దీన్ని పగలగొట్టించాలి" అని మా ఆవిడతో అనేశాను. మాస్టారి పెద్ద చెల్లెలు అక్కడే ఉన్నారు. ఒక్క మాట కూడా అనకుండా లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు మాస్టారు ఫోన్ చేసి "ఇప్పట్లో అమ్మే ఉద్దేశం లేదు బాబూ" అన్నారు.

తర్వాత పక్కింటివాళ్ళు చెప్పారు, వాళ్ళమ్మగారు ఆ రోట్లోనే ఇడ్లీపిండి రుబ్బి అమ్మి ముగ్గురినీ చదివించారట. రుబ్బీ రుబ్బీ రోటి గుంట అద్దంలా నున్నబడి ఒక పక్కకి అరిగిపోయి ఉంటుంది. నేను చూసినప్పుడు నాకది అడ్డంగా ఉన్న రాయి, అంతే.

నెల తర్వాత మధ్యవర్తి లేకుండా మేమిద్దరమే వెళ్ళాం. ముందు ఆ మాటకి క్షమించమని అడిగాను. తర్వాత, ఆ వీధిలో ఈమధ్య అమ్ముడైన రెండు స్థలాల ధరలు కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టి, "మాస్టారూ, ఈ ఇల్లు మీకెంతో దానికి నేను ధర కట్టలేను, స్థలానికి మాత్రం 74 ఇవ్వగలను" అన్నాను. లోపాల ఊసు ఎత్తలేదు. "మీరు ఏమేం తీసుకెళ్ళాలనుకుంటున్నారు, ఎప్పుడు ఖాళీ చేస్తే మీకు వీలు" అని అడిగాను. బేరం నిజంగా కదిలింది అక్కడే. సంక్రాంతి ఆ ఇంట్లోనే చేసుకుంటామన్నారు, సరే, మాఘమాసంలో రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం అన్నాం. రోలు మేస్త్రీతో జాగ్రత్తగా తవ్వించి గుంటూరులో చిన్న చెల్లెలు గారింటికి మేమే ట్రాలీ ఆటోలో పంపాం. 76కి కుదిరింది.

ఇంకోటి, మీరు కొనే ఇల్లు పడగొట్టి కట్టుకునే ఉద్దేశం ఉంటే ముందే చెప్పేయండి. ఉంచుతామని నమ్మించి ధర తగ్గించుకోవడం తప్పు, పైగా అదే ఊళ్ళో రేపు మీరు వాళ్ళ మొహం చూడాలి.

అలాగని మొహమాటపడి కాగితాల దగ్గర మాత్రం వదలొద్దు. ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు (ఆ ఆస్తి పాత దస్తావేజులు) లాయరుకి చూపించాకే బయానా ఇవ్వండి. మేం కొన్న ఇల్లు మాస్టారి నాన్నగారి స్వార్జితం, వీలునామా రాయలేదు, కాబట్టి చెల్లెళ్ళకీ సమాన వాటా ఉంది, ముగ్గురి చేతా సంతకాలు చేయించాం. మమకారం ఉన్న ఇళ్ళలో తరచూ ఎవరో ఒకరికి అమ్మడం ఇష్టం ఉండదు, అదెవరో అగ్రిమెంట్‌కి ముందే తెలియాలి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సింది కొనేవాళ్ళే. అమ్మేవాళ్ళలో ఎన్నారై ఎవరైనా ఉంటే ఆ లెక్క వేరు, ఆడిటర్‌ని అడగండి.

వాళ్ళు ఎందుకు అమ్ముతున్నారో మీరు రాయలేదు, అది కనుక్కోండి. మాస్టారికి మోకాళ్ళ నొప్పులు, హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోవాలి, అందుకే ఆయనకి పై లక్ష కంటే టైమ్ ముఖ్యమైంది. మీ వాళ్ళకి అలాంటి అవసరం ఏదీ లేకపోతే నెలలు గడిచినా అంకె కదలకపోవచ్చు. ఏమైనా 78 దాటకూడదని మా ఆవిడా నేనూ ఇంట్లోనే అనుకుని బయల్దేరాం, దాటితే దండం పెట్టి వచ్చేసేవాళ్ళం.