పుస్తకాల మధ్య ఉద్యోగం కావాలంటే...

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి పుస్తకాలంటే ప్రాణం. రోజంతా వాటి మధ్య గడిపే ఉద్యోగం చేయాలని కోరిక. ‘చదువుకుంటూ కూర్చుంటే జీతం ఎవరిస్తారు?’ అని నాన్న అడుగుతున్నారు. ఏ కోర్సులో చేరాలి?

జవాబు: మీ నాన్నగారి మాటలో నిజం ఉంది. గ్రంథాలయంలో చేరినా, ప్రచురణ సంస్థలో చేరినా తీరిగ్గా చదువుకోవడం ఇంటికి వెళ్లాకే. ఇది తెలియక చేరి, ఏడాది తిరగకుండానే ఉసూరుమన్నవాళ్లను చూశాను. మీకు అలా జరగకూడదని నా ఆరాటం. అందుకే కోర్సు సంగతి కాసేపు పక్కన పెట్టి, పుస్తకంలో మిమ్మల్ని లాగుతున్నది ఏమిటో ఆలోచించండి. అందులోని వాక్యమా? దాన్ని వెతుక్కుంటూ వచ్చే మనిషా? చేతికి తగిలే ఆ కాగితమూ, కుట్టూనా?

మనుషులంటే ఇష్టమైతే గ్రంథాలయానికి వెళ్లండి. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ మొదట గణితం బోధించేవారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా చేరి, కొద్ది రోజులకే విసుగెత్తి మళ్లీ పాఠాలు చెప్పుకుంటానన్నారు. లండన్ వెళ్లి అక్కడి గ్రంథాలయాల పనితీరు చూశాక ఆయన మనసు మారింది. ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం అందాలన్నది 1931లో ఆయన వెలువరించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో ఒకటి. ‘నీలం అట్ట, కథలో ఒక పడవ ఉంటుంది’ అని మాత్రమే గుర్తున్న మనిషిని ఓపిగ్గా నాలుగు ప్రశ్నలడిగి, సరైన అర దగ్గరకు తీసుకెళ్లడంలో ఎంత తృప్తి ఉందో చేసినవాళ్లకే తెలుసు. పుస్తకాలను విషయాలవారీగా అంకెలిచ్చి అమర్చే డ్యూయీ వర్గీకరణలో 800లు సాహిత్యానివి, తెలుగు సాహిత్యం 894.827. ఈ అమరిక చూసి మీకు ముచ్చటేస్తే ఆ దారి మీదే. ఏ డిగ్రీ తర్వాతైనా గ్రంథాలయ శాస్త్రం చదవవచ్చు కనుక ఇప్పటి చదువు మార్చుకోనక్కర్లేదు. కంప్యూటర్ అంటే జంకు మాత్రం పనికిరాదు.

వాక్యం మీద ప్రేమ ఉన్నవాళ్లకు ప్రచురణ రంగం. ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు తీసే నమూనా ప్రతులు, దిద్దడం అందులోకి మంచి తొలిమెట్టు. కథలో మునిగిపోయే అలవాటు ఇక్కడ అడ్డొస్తుంది. ఉన్న అక్షరాన్ని వదిలి, ఉండాల్సిన అక్షరాన్ని చదివేయడం కంటికి సహజం. ‘విశేషం’లో శ, ష తారుమారైనా పట్టుకోలేం. వరుస కింద స్కేలు పెట్టుకుని, మాటమాట దగ్గరా ఆగితేనే తప్పు కనబడుతుంది. రెండో ప్రూఫు వచ్చాక మొదటిదాంతో పోల్చి, దిద్దబోయి కొత్త తప్పు చేర్చారేమో చూడాలి. ఈ పని చేసేవాళ్లంటే నాకు అపారమైన గౌరవం. అయితే పేజీల లెక్కన డబ్బు వచ్చే చోట్ల రాబడి నిలకడగా ఉండదు. రెండో భాషలో పట్టు సంపాదిస్తే ఎడిటింగు, అనువాదం కూడా చేతికొస్తాయి.

ఇక కాగితం. పాత పుస్తకాల పరిరక్షణలో చిరిగిన పుటను పలుచని జపాన్ కాగితంతో, గోధుమ గంజితో అతుకుతారు. తర్వాతి తరం విప్పాలనుకుంటే కాస్త తడితో ఊడి రావాలి కదా! మామూలు అంటుటేపు జిగురైతే పసుపుబారి కాగితంలోకి ఇంకిపోతుంది. దీనికి రసాయన శాస్త్రం తెలియాలి, చేతి నేర్పూ ఉండాలి. కొలువులు తక్కువ.

ఈ సెలవుల్లో రెండు వారాలు ఏదైనా గ్రంథాలయంలో, పాఠకులు తిరిగిచ్చిన పుస్తకాలు సర్దే పని అడగండి. మరో రెండు వారాలు స్నేహితుల వ్యాసాలు తీసుకుని ప్రూఫులు దిద్దండి. ఏ పనిలో గడియారం చూడడం మరిచిపోయారో ముందు నాన్నగారికి చెప్పండి, తర్వాత నాకు రాయండి. కోర్సు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.