బట్టలు పిండితే మోచేతి బయటివైపు నొప్పి ఎందుకు?

ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందన్నారు, మరి బట్టలు పిండినా, నీళ్ల చెంబు ఎత్తినా మోచేతి బయటివైపు ఎందుకు లాగేస్తోందని అడిగారు. రెండేళ్ల కిందట నాదీ ఇదే బాధ. టీ కప్పు కూడా ఎడమ చేత్తోనే పట్టుకునేదాన్ని. మా అత్తయ్య నరం పట్టేసిందని రోజూ నూనె రాసేవారు.

ముందు ఒకటి చేసి చూడండి. ఎడమ అరచేతిని కుడి ముంజేతి మీద, మోచేతికి కాస్త కింద ఆనించి, కుడిచేతి వేళ్లు టైపు కొడుతున్నట్టు ఆడించండి. చర్మం కింద కండ కదులుతుంది కదా! వేళ్లలో కండరాలు లేవు. వాటిని గట్టిగా ముడిచేవీ, చాపేవీ ముంజేతిలోనే ఉన్నాయి. అక్కడి నుంచి తాళ్లలాంటి టెండాన్లు మణికట్టు దాటి వేళ్లకు వెళతాయి. ముంజేతిలో మొత్తం 20 కండరాలు: అరచేతి వైపు 8, వెనకవైపు 12.

వెనకవైపు వాటిలో నాలుగు ఒకే టెండాన్‌తో మోచేతి బయటి బుడిపెకు అంటుకుని ఉంటాయి. వాటిలో మణికట్టును వెనక్కి లేపే ఎక్స్‌టెన్సర్ కార్పి రేడియాలిస్ బ్రెవిస్ అనే కండరం దగ్గరే ఆ టెండాన్ ఎక్కువగా దెబ్బతింటుంది. బట్టలు పిండడానికి, ఈ కండరానికి ఏం సంబంధమని నేనూ అడిగాను. ఫిజియోథెరపిస్టు నా మణికట్టును పూర్తిగా కిందికి వంచి, "ఇప్పుడు నా వేలు గట్టిగా పట్టుకోండమ్మా" అన్నారు. ఎంత ప్రయత్నించినా పట్టు రాలేదు. వేళ్లు ముడిచే కండరాలు మణికట్టునూ లోపలికి లాగుతాయి, దాన్ని నిలబెట్టడానికి వెనక కండరాలు బిగుసుకోవాలి. అంటే ఏది గట్టిగా పట్టుకున్నా భారం ఆ బుడిపె దగ్గర పడుతుంది. దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారు గానీ, టెన్నిస్ ఆడని వాళ్లలోనే ఎక్కువ.

నేను కొన్నాళ్లు బట్టలు పిండడం మానేశాను. సంచి ఎత్తేటప్పుడు అరచేయి పైకి తిప్పి, మోచేయి ఒంటికి దగ్గరగా ఉంచేదాన్ని. అప్పుడు బరువు ముందువైపు కండరాల మీదికి పోతుంది. వ్యాయామం ఒక్కటే: ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి ఉండేలా అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని, ఎడమ చేతి సాయంతో మణికట్టును పైకి లేపి, కుడి చేత్తో మాత్రమే మెల్లగా దించాలి. మొదటి నెల తేడా ఏమీ తెలియక ఏడుపొచ్చేది. తగ్గడానికి నాలుగు నెలలు పట్టింది. మీకు వేళ్లలో తిమ్మిరి కూడా ఉంటే మాత్రం ఇవి మొదలుపెట్టకుండా ముందు డాక్టరుకు చూపించండి.